తేనెటీగలకి చక్కెర పాకం: ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

తేనెటీగలు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో చక్కెర పాకం అంటే నాకు చెప్పలేనంత నమ్మకం. బయట పూలు తగ్గాయనిపిస్తే చాలు, సీసా నింపి పెట్టెలో పెట్టేసేవాణ్ణి. వారం తిరిగేసరికి గుమ్మం ముందు ఒకటే సందడి. లోపల రాణి ఎడాపెడా గుడ్లు పెట్టేస్తోంది. పెట్టె బలపడిపోతోందని మురిసిపోయాను. ఇంకో పది రోజులకి ఒక ఫ్రేము (ఈగలు మైనం గదులు కట్టే చట్రం) తీసి వెలుతురుకి పట్టి చూస్తే గుండె జారింది. పిల్ల పురుగు చుట్టూ తెల్లటి పాల లాంటి మేత ఉండాలి, పురుగు అందులో తేలుతున్నట్టు కనబడాలి. ఇక్కడ పురుగులు పొడిపొడిగా గది అడుగున అతుక్కుపోయి ఉన్నాయి. సగం గదుల్లో గుడ్లు మాయం. పై వరసల్లో మాత్రం పాకం తళతళా మెరుస్తోంది. పుప్పొడి కోసం వెతికితే అట్ట, అంటే ఆ మైనం గదుల పట్టు, మొత్తంలో ఒక్క గదిలోనూ లేదు.

చక్కెర ఈగకి ఎగరడానికి శక్తినిస్తుంది, పెట్టెని వెచ్చగా ఉంచుకోవడానికి పనికొస్తుంది, మైనం తీయడానికీ సరిపోతుంది. పిల్లల్ని మాత్రం పెంచదు. పిల్లలకి కావలసిన మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు పుప్పొడిలోంచే రావాలి. ఇది మనసులో పెట్టుకుంటే పాకం పెట్టడం చాలా తేలిక. మరిచిపోతే మనం పెట్టే పాకమే కుటుంబాన్ని దెబ్బ తీస్తుంది.

ముందు బరువు చూడండి

సీసా చేతిలోకి తీసుకునే ముందు పెట్టె దగ్గరికి వెళ్ళి వెనక వైపు అడుగున చెయ్యి పెట్టి రెండు అంగుళాలు పైకి లేపండి. నిండు పెట్టె నేలకి మేకులు కొట్టినట్టు ఉంటుంది, ఖాళీ పెట్టె తేలిగ్గా లేచిపోతుంది. మొదట్లో ఈ తేడా చేతికి తెలియదు. అందుకని వేలాడే కాటా ఒకటి కొనుక్కుని, పెట్టెని ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు కొద్దిగా లేపి రెండు అంకెలూ కలపండి. వచ్చేది సుమారుగా పెట్టె మొత్తం బరువు. దాన్ని తేదీ వేసి మూత లోపలి వైపే పెన్సిల్‌తో రాసేయండి. పుస్తకంలో రాస్తే పుస్తకం ఇంట్లో ఉంటుంది, పెట్టె తోటలో ఉంటుంది.

తర్వాత మూత తీసి చూడండి. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే లాంగ్‌స్ట్రాత్ పెట్టెలో పెద్ద ఫ్రేము ఒకటి రెండు వైపులా తేనెతో నిండి, మైనం మూతలు వేసి ఉంటే అందులో దాదాపు రెండున్నర నుంచి మూడు కిలోలు ఉన్నట్టు. చిన్న జాతి ఈగల కోసం చేసిన చిన్న పెట్టెల్లో ఇది ఇంకా తక్కువ. ఎంత నిల్వ కావాలనేది మీ వాతావరణాన్ని బట్టి ఉంటుంది. నెలల తరబడి మంచు పడే చోట ఒక కుటుంబానికి 20 నుంచి 30 కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా కావాలి. చలి లేకుండా కొన్ని వారాలు పూలు మాత్రం ఉండని చోట అందులో చిన్న భాగం చాలు. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఏ కాలంలోనైనా సరే, నిండు ఫ్రేములు రెండుకి తగ్గకూడదు. తగ్గితే పాకం గురించి ఆలోచిస్తాను. తగ్గకపోతే మూత వేసి వచ్చేస్తాను.

ఈ మూత వేసి రావడమే చాలామందికి కష్టం. ఏదో ఒకటి పెట్టకపోతే ఈగలకి అన్యాయం చేస్తున్నట్టు ఉంటుంది. నిల్వలున్న కుటుంబానికి పాకం పెడితే అది ఖాళీ గదులన్నీ నింపేస్తుంది, రాణికి గుడ్లు పెట్టే చోటు ఉండదు. చోటు లేకపోతే కుటుంబం చీలి, సగం ఈగలు పాత రాణితో సహా ఎగిరిపోయే ఏర్పాట్లు మొదలుపెడుతుంది.

పుప్పొడి లెక్క చూడండి

ఇది రెండో పని. నన్నడిగితే అన్నింటికన్నా ముఖ్యమైన పని. పొద్దున్నే పెట్టెకి ఒక పక్కగా కూర్చుని, గుమ్మానికి అడ్డం రాకుండా ఐదు నిమిషాలు చూడండి. తిరిగొచ్చే ఈగల వెనక కాళ్ళకి పసుపు, నారింజ, బూడిద రంగుల్లో చిన్న ముద్దలు కనబడుతున్నాయా? పది ఈగలు వస్తే అందులో ఎన్నింటికి ఉన్నాయి? తర్వాత లోపల పిల్లలున్న ఫ్రేము తీసి, పిల్ల గదుల చుట్టూ పుప్పొడి గదుల పట్టీ ఉందో లేదో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుటుంబంలో మధ్యలో పిల్లలు, వాటి చుట్టూ రంగురంగుల పుప్పొడి, దాని పైన తేనె విల్లులా వంగి కనబడతాయి.

పుప్పొడి లేనప్పుడు పాకం పెడితే ఏమవుతుందో వరసగా చెబుతాను. పల్చటి పాకం లోపలికి రాగానే బయట పూలు విచ్చాయని కుటుంబం అనుకుంటుంది. దాది ఈగలు రాణిని బాగా మేపుతాయి, రాణి గుడ్లు పెంచుతుంది. మూడు రోజులకి గుడ్డు పొదిగి పురుగు బయటికి వస్తుంది. దాన్ని మేపేది దాది ఈగల తలలో ఉండే గ్రంథుల నుంచి వచ్చే పాలు. ఆ గ్రంథులు నిండాలంటే ఆ ఈగలు పుప్పొడి తినాలి. పుప్పొడి లేకపోతే అవి కొన్నాళ్ళు తమ ఒంట్లో దాచుకున్న కొవ్వు, మాంసకృత్తులు కరిగించి మరీ మేపుతాయి. అదీ అయిపోయాక గుడ్లనీ లేత పురుగులనీ అవే తినేస్తాయి. ఇది క్రూరత్వం కాదు, ఉన్న మాంసకృత్తులు వృథా పోకుండా చూసుకోవడం. ఈ కాలంలో పెరిగిన ఈగలు సరైన మేత లేక బలహీనంగా పుడతాయి, ఎక్కువ రోజులు బతకవు. అంటే పాకం పెట్టిన నెలన్నరకి, అసలు పూత మొదలయ్యే సమయానికి, పెట్టెలో ఉండేది అలసిపోయిన ఈగలే.

అందుకే లోపల పుప్పొడి లేక, బయట నుంచీ రాకపోతే పాకం ఒక్కటే పెట్టకండి. సోయా పిండి, బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) కలిపి చేసే పుప్పొడి ప్రత్యామ్నాయాలు దొరుకుతాయి. వాటిని చక్కెర పాకంతో తడిపి, పల్చటి రొట్టెలా ఒత్తి, పిల్లలున్న ఫ్రేముల మీద నేరుగా పెట్టాలి. ఒక మూల పెడితే దాదులు అక్కడిదాకా వెళ్ళవు. అరచేయంత ముక్కతో మొదలుపెట్టి, నాలుగైదు రోజుల్లో తినేస్తేనే ఇంకొకటి పెట్టండి. మిగిలితే తీసేయండి, బూజు పడుతుంది. వేరేవాళ్ళ పెట్టెల నుంచి వచ్చిన పుప్పొడి మాత్రం వాడొద్దు, రోగాలు దాంతోపాటే వస్తాయి. నిజం చెప్పాలంటే ఏ పిండీ అసలు పుప్పొడికి సాటి రాదు. వీలుంటే పెట్టెనే పూలున్న చోటికి మార్చడం మేలు.

ఏ చక్కెర

తెల్లగా శుద్ధి చేసిన మామూలు చక్కెర. అంతే. చెరకుదైనా బీట్‌రూట్‌దైనా ఈగకి ఒకటే, రెండూ సుక్రోజే.

బెల్లం, బ్రౌన్ షుగర్, ముడి చక్కెర మనకి మంచివని ఈగలకీ పెడుతుంటారు. వాటిలో మనకి నచ్చే ఖనిజాలే ఈగకి సమస్య. తేనెటీగ పెట్టె లోపల మలవిసర్జన చేయదు, బయటికి ఎగిరి వెళ్ళాకే చేస్తుంది. జీర్ణం కాని పదార్థం ఎక్కువైతే, పైగా చలికో వానకో బయటికి వెళ్ళడానికి లేకపోతే, కడుపు ఉబ్బి పెట్టె లోపలే విరేచనాలు మొదలవుతాయి. ఫ్రేముల మీద, గుమ్మం ముందు గోధుమరంగు చారికలు కనబడితే అదే. ఈ విషయంలో తెల్ల చక్కెర కొన్ని రకాల తేనె కన్నా కూడా నయం. పూల నుంచి కాకుండా ఆకుల మీద పేను పురుగులు విడిచే తీపి రసం నుంచి ఈగలు చేసే నల్లటి తేనెలో ఖనిజాలు ఎక్కువ. చలికాలమంతా లోపలే ఉండాల్సిన ఈగలకి అది పడదు.

పొడి చక్కెర ప్యాకెట్లలో ముద్ద కట్టకుండా పిండి కలుపుతారు. అదీ వద్దు. బజారులో కొన్న తేనె అసలే వద్దు. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే రోగం బాక్టీరియా బీజాలు తేనెలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. మనకి ఏమీ కాదు, పిల్ల పురుగులు చనిపోతాయి. మీ పెట్టెల్లోంచి తీసిన తేనె అయితే, ఆ కుటుంబం ఆరోగ్యంగా ఉంటే, అంతకన్నా మంచి మేత లేదు.

పాకం కలపడం

పేరుకి పాకమే గానీ, స్వీట్లకి పట్టే తీగపాకం కాదు. పొయ్యి మీద ఉడికించకూడదు. నీళ్ళు విడిగా కాచి, గిన్నె దింపేసి, అప్పుడు చక్కెర పోసి కరిగేదాకా కలపండి. మాడిన చక్కెర వాసన వచ్చిందంటే ఆ గిన్నె మొత్తం పారబోయండి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి పిండితే చక్కెర విడిపోయి ఈగలకి తేలిక అవుతుందని ఒక పాత సలహా ఉంది. వినకండి. పులుపూ వేడీ కలిస్తే, అలా విడిపోయిన చక్కెరలోని ఫ్రక్టోజ్ నుంచి హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పుడుతుంది, అది ఈగలకి విషం. మొక్కజొన్న నుంచి చేసే ఫ్రక్టోజ్ సిరప్‌తో అమెరికాలో చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో 49 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ హెచ్‌ఎంఎఫ్ ఒక్కసారిగా పెరిగిపోయింది. అలాంటి సిరప్ డబ్బాలు ఎండలో పెట్టి వాడేవాళ్ళు ఇది గమనించాలి. సుక్రోజ్‌ని విడగొట్టే పని ఈగల నోటిలోని ఇన్వర్టేజ్ ఎంజైమ్ ఎలాగూ చేస్తుంది. దానికి మన సాయం అక్కర్లేదు.

రెండు రకాల పాకం చాలు.

పల్చటిది: కిలో చక్కెరకి లీటరు నీళ్ళు. దాదాపు 1.6 లీటర్ల పాకం వస్తుంది. ఇది మకరందానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కుటుంబాన్ని పెరగమని ప్రోత్సహించడానికి, కొత్త గుంపు చేత అట్టలు కట్టించడానికి వాడతాం. గుడ్డు నుంచి ఈగ బయటికి రావడానికి 21 రోజులు, ఆ ఈగ లోపలి పనులన్నీ అయ్యాక మేతకి బయల్దేరడానికి ఇంకో మూడు వారాలు. కాబట్టి పూత కోసం కుటుంబాన్ని సిద్ధం చేయాలనుకుంటే ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. పూత మొదలయ్యే వారం ముందు పెడితే అప్పటికి తినే నోళ్ళు మాత్రమే పెరుగుతాయి.

చిక్కటిది: రెండు కిలోల చక్కెరకి లీటరు నీళ్ళు. సుమారు రెండుంపావు లీటర్లు. ఇది నిల్వ కోసం. మామూలు వేడికి నీళ్ళలో ఇంతకన్నా చక్కెర కరగదు, అందుకే వేడి నీళ్ళు కావాలి, చల్లబడితే అడుగున పలుకులు కట్టినా ఆశ్చర్యపోవద్దు.

నిల్వకి చిక్కటిదే ఎందుకంటే, ఈగలు ఏ పాకాన్నైనా తేమ 18 శాతం దగ్గరికి వచ్చేదాకా రెక్కలతో విసిరి ఆరబెట్టాకే మూత వేస్తాయి. కిలో చక్కెర లెక్కన చూస్తే, పల్చటి పాకంలోంచి సుమారు 780 గ్రాముల నీళ్ళు ఆవిరి చేయాలి, చిక్కటి దానిలోంచి 280 గ్రాములు చాలు. ఆ కష్టానికి ఈగల ఒళ్ళు అరిగిపోతుంది. పైగా ఆ ఆవిరంతా పెట్టె లోపలే తిరుగుతుంది. చలికాలం ముందు పల్చటి పాకం బకెట్లకొద్దీ పోస్తే మూత లోపల నీటి బొట్లు కట్టి, అట్టలకి బూజు పట్టి, పురుగులు సుద్దముక్కల్లా గట్టిపడే చాక్‌బ్రూడ్ రోగానికి దారి అవుతుంది.

ఎంత కావాలో లెక్క కట్టడానికి ఒక ఉదాహరణ. మీ పెట్టెకి 20 కిలోల నిల్వ కావాలి, ఉన్నది 12. లోటు 8 కిలోలు. ఆరబెట్టడంలో ఖర్చు పోను, కిలో చక్కెర దాదాపు కిలో నిల్వ అవుతుందనుకోండి. 8 కిలోల చక్కెర, 4 లీటర్ల నీళ్ళు, కలిపి దాదాపు 9 లీటర్ల పాకం. దీన్ని చలి మొదలయ్యే ముందే, వారం పది రోజుల్లో, పెద్ద మోతాదుల్లో ఇచ్చేయాలి. చలికాలం గట్టెక్కించాల్సిన ఈగలు మామూలు ఈగల్లా ఐదారు వారాలు కాదు, నెలల తరబడి బతకాలి. పాకం ఆరబెట్టే చాకిరీ వాటి నెత్తిన పడకుండా, ముందు తరం ఈగలు ఉన్నప్పుడే అయిపోవాలి.

దేనిలో పెట్టాలి

నాకు నచ్చినది మూతకి సన్నటి రంధ్రాలు చేసిన సీసా. చిన్న మేకుతో ఏడెనిమిది రంధ్రాలు చేసి, నిండా పాకం పోసి, తలకిందులు చేయండి. పెట్టె దగ్గర కాదు, దూరంగా. ముందు నాలుగు చుక్కలు పడతాయి, తర్వాత ఆగిపోవాలి. లోపల గాలి పీడనం తగ్గి పాకం నిలబడిపోతుంది, ఈగ నాలుక తగిలినప్పుడే చుక్క చుక్క దిగుతుంది. ఆగకుండా కారుతుంటే రంధ్రాలు పెద్దవయ్యాయన్నమాట, ఆ మూత పక్కన పడేయండి. సీసాని లోపలి మూత రంధ్రం మీద బోర్లించి, చుట్టూ ఒక ఖాళీ పెట్టె పెట్టి, పైమూత వేసేయండి.

ఫ్రేము ఆకారంలో ఉండే తొట్టె ఎక్కువ పాకం పడుతుంది. అందులో పుల్లలో, గరుకు జాలీయో వేయకపోతే పొద్దున్నకి వంద ఈగలు మునిగి తేలుతుంటాయి. గుమ్మం దగ్గర తగిలించే సీసా చూడ్డానికి వీలుగా ఉంటుంది గానీ, పక్క పెట్టెల ఈగలకి అది ఆహ్వాన పత్రికే. అన్ని పెట్టెలకీ కలిపి ఆరుబయట తొట్టెలో పోయడం మరీ చెడ్డ పద్ధతి. బలమైన కుటుంబాలే తాగేస్తాయి, ఆకలితో ఉన్న బలహీన కుటుంబానికి చుక్క దక్కదు, ఒక పెట్టె రోగం అన్నింటికీ అంటుకుంటుంది.

సాయంత్రమే పెట్టండి

పొద్దు వాలాక, ఈగలు ఇల్లు చేరుకున్నాక పెట్టండి. చుక్క కూడా కింద ఒలకనివ్వకండి. గుమ్మాన్ని రెండు మూడు ఈగలు పట్టేంత సందుకి తగ్గించండి.

ఒకసారి మధ్యాహ్నం పెడుతుంటే చెయ్యి జారి పెట్టె ముందు గ్లాసుడు పాకం ఒలికింది. గడ్డి మీదే కదా అని వదిలేశాను. గంట తిరిగేసరికి ఆ ప్రాంతమంతా ఈగల మోత. దీని వెనక కారణం ఉంది. మేత దూరంగా దొరికితే ఈగ నాట్యం చేసి దిక్కూ దూరమూ చెబుతుంది. ఈ భాష విప్పి చెప్పినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్తకి 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మేత బాగా దగ్గరలో ఉంటే మాత్రం ఈగ గుండ్రంగా తిరుగుతుంది. ఆ నాట్యానికి అర్థం దగ్గర్లోనే ఏదో ఉంది, వెతకండి అని. అలా వందల ఈగలు వెతుకుతూ బయల్దేరితే ముందు తగిలేది పక్కనున్న బలహీనమైన పెట్టె.

దోపిడీని మామూలు సందడి అనుకుని మోసపోకండి. మేత తెచ్చే ఈగలు నేరుగా వచ్చి గుమ్మంలో వాలతాయి. దొంగ ఈగలు గుమ్మం ముందు అటూ ఇటూ ఊగుతూ, పెట్టె అతుకుల దగ్గర సందులు వెతుకుతూ ఉంటాయి. గుమ్మంలో కాపలా ఈగలతో పెనవేసుకుని కింద పడి దొర్లుతుంటాయి. ఇది చూస్తే గుమ్మాన్ని ఒక్క ఈగ పట్టేంతకి మూసి, తడిబట్ట పెట్టె ముందు వేలాడదీయండి. సీసా తీసేసి, చీకటి పడేదాకా ఆ పెట్టె తెరవకండి.

పెట్టాక ఏం చూడాలి

మూడు రోజులకోసారి సీసా చూడండి. ముట్టుకోకుండా అలాగే ఉందంటే చాలాసార్లు బయట మంచి మకరందం దొరుకుతోందని అర్థం. తీసేయండి. చలి పది డిగ్రీల దగ్గరికి వచ్చినా ఈగలు పాకం దగ్గరికి రావు. అప్పుడు చక్కెరని ముద్దగా చేసిన ఫాండెంట్‌నో, కొద్దిగా తడిపిన మామూలు చక్కెరనో కాగితం మీద వేసి ఈగల గుంపుకి సరిగ్గా పైన పెట్టాలి. పులిసిన వాసన, తెల్లటి పొర, నల్ల బూజు కనబడితే పారబోసి, సీసా వేడి నీళ్ళతో కడిగి కొత్తది పెట్టండి. పల్చటి పాకం వేడి రోజుల్లో మూడు నాలుగు రోజులకే పులుస్తుంది. అందుకని అర లీటరు చొప్పున పెట్టండి.

వారానికోసారి పిల్లలున్న ఫ్రేము ఒక్కటి తీయండి. సూర్యుడు మీ భుజం వెనక ఉండేట్టు నిలబడి గది అడుగుకి చూపు పోనివ్వండి. పురుగు చుట్టూ పాల మేత మెరుస్తుంటే అంతా సవ్యమే. పొడిగా ఉంటే పాకం ఆపి పుప్పొడి సంగతి చూడండి. రాణి తిరిగే మధ్య భాగంలో గుడ్లకి బదులు పాకం కనబడుతుంటే ఆ రోజే ఆపేయండి. అనుకున్న బరువు వచ్చినా ఆపేయండి.

ఇంకో మాట, ఈగలనీ వాటి పిల్లలనీ పట్టి పీల్చే వర్రోవా పేనుల గురించి. చక్కెర వాటినేమీ చేయదు. ఆ పేను పిల్లల్ని పెట్టేది మైనం మూత వేసిన పిల్ల గదుల్లోనే. పాకంతో పిల్లల్ని పెంచారంటే పేనులకీ ఉయ్యాలలు కట్టినట్టే. పాకం మొదలుపెట్టే ముందు పేనుల లెక్క చూసి, ఎక్కువుంటే ముందు వాటి సంగతి తేల్చండి. పెట్టెలో చక్కెర పొడి చల్లితే పేనులు రాలిపోతాయని నమ్మకం ఉంది. సీసాలో కొన్ని ఈగల్ని పొడితో దొర్లించి పేనులు లెక్కపెట్టడానికి అది పనికొస్తుంది గానీ మందుగా కాదు.

తేనెతో పోలిస్తే

ఈగలు పాకాన్ని గదుల్లో పెట్టి మూత వేశాక అది చూడడానికి తేనెలాగే ఉంటుంది. వాటి ఎంజైమ్‌లు కలుస్తాయి, తేమ తగ్గుతుంది, కొంత పులుపూ వస్తుంది. లేనిది పూల నుంచి, పుప్పొడి నుంచి వచ్చే సూక్ష్మ పదార్థాలు. వాటిలో ఒకటి పి-కౌమరిక్ ఆమ్లం. ఈగ ఒంట్లో విషాలని విడగొట్టే జన్యువుల్ని ఇది చురుకు చేస్తుందని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. అంటే పురుగుమందుల తాకిడి ఉన్న చోట తేనె తినే ఈగకీ చక్కెర మాత్రమే తినే ఈగకీ తట్టుకునే శక్తిలో తేడా ఉండొచ్చు. అందుకే తేనె తీసేటప్పుడే కుటుంబానికి చాలినంత వదిలేయడం నా పద్ధతి. మొత్తం పిండుకుని ఆ లోటు చక్కెరతో పూడ్చుదామనే లెక్క నాకు నచ్చదు. కొరత వచ్చినప్పుడు మాత్రం సందేహమే లేదు. చక్కెర తిన్న ఈగ బతికి ఉంటుంది, తేనె కోసం ఎదురుచూసిన ఈగ చచ్చిపోతుంది.

కొత్త గుంపుకి పాకం మాత్రం నేను సంకోచం లేకుండా పెడతాను. వాటికి అట్టలు కట్టుకోవడానికి మైనం కావాలి, మైనం చక్కెర నుంచే పుడుతుంది. చూపు లేకపోయినా తేనెటీగల మీద పరిశోధనలు నడిపిన ఫ్రాంస్వా యూబెర్ (1750–1831) పుప్పొడి లేకుండా తేనె, చక్కెర మాత్రమే తిన్న ఈగలు కూడా మైనం తీస్తాయని అప్పట్లోనే తేల్చాడు. ఎక్కడి నుంచో వచ్చి వాలిన గుంపు అయితే రెండు రోజులు ఆగి పెట్టండి. పాత పెట్టె నుంచి కడుపులో మోసుకొచ్చిన తేనెని ముందు వాడేసుకుంటాయి, అందులో రోగ బీజాలుంటే కొత్త అట్టల్లో నిల్వ కావు.

అమ్మడానికో తినడానికో తేనె తీసే పై అర పెట్టె మీద ఉన్నంతకాలం పాకం వద్దు. ఈగలు దాన్ని పైకి మోస్తాయి, మీకు తెలియకుండానే కల్తీ తేనె తయారవుతుంది. చెరకు, మొక్కజొన్నల చక్కెరని కార్బన్ ఐసోటోపుల పరీక్ష పట్టేస్తుంది. అనుమానం ఉంటే పాకంలో తినే రంగు రెండు చుక్కలు కలపండి. పై అరలో ఆ రంగు కనబడితే సంగతి తెలిసిపోతుంది.

ఆలస్యమైపోతే

మూత తీసేసరికి ఈగలు అట్టల మధ్య కదలకుండా, కొన్ని గదుల్లోకి తలదూర్చి తోకలు మాత్రమే కనబడుతూ ఉన్నాయనుకోండి. అడుగు పలక మీద చచ్చినవి గుట్టగా పడి ఉన్నాయి. గుమ్మం ముందు ఈడ్చి పడేసిన తెల్ల పురుగులు. ఇది ఆకలి. అన్నీ చనిపోయాయని మూసేయకండి. గోరువెచ్చటి పల్చటి పాకం స్ప్రే సీసాలో పోసి, అట్ట మీదున్న ఈగలపై మంచులా పడేట్టు సన్నగా కొట్టండి, ముద్దగా తడపొద్దు. అవి ఒకదాని ఒంటి మీది పాకం ఒకటి నాకుతాయి. బతికే అవకాశం ఉంటే పది పదిహేను నిమిషాల్లో కాళ్ళు కదులుతాయి, ఒకటి రెండు రెక్కలు ఆడిస్తాయి.

అవి కదలగానే ఒక ఖాళీ అట్టని పళ్ళెంలో పడుకోబెట్టి, అడుగు దూరం నుంచి సన్నటి ధారగా పాకం పోయండి. దగ్గర నుంచి పోస్తే గదిలో గాలి బుడగ ఉండి పాకం లోపలికి దిగదు. రెండు వైపులా నింపి, బొట్లు విదిలించి, ఈగల గుంపుకి ఆనుకునేట్టు పెట్టెలో దించండి. ఆకలితో సొమ్మసిల్లిన ఈగ రెండు అంగుళాలు కూడా నడిచి వెళ్ళలేదు. పైన సీసా బోర్లించి, గుమ్మం సన్నం చేసి, మూత వేసేయండి. రేపు సాయంత్రం దాకా తెరవొద్దు. తెరిచినప్పుడు ముందు చూడాల్సింది రాణి ఉందా లేదా, గుడ్లు ఉన్నాయా లేదా అని.